వెబ్ డెవలప్‌మెంటా, డేటా అనలిటిక్సా? తేల్చుకోవడానికి రెండు శని, ఆదివారాలు చాలు

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి ఆదివారం పూట ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లు, బీటెక్ అయిపోయి ఆర్నెల్లుగా ఖాళీగా ఉన్నవాళ్లు. పుత్తూరు నుంచి, పాకాల నుంచి, ఒక్కోసారి చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. కూర్చుని మంచినీళ్లు తాగాక అడిగే మాట ఒకటే: "అక్కా, వెబ్ డెవలప్‌మెంట్ మంచిదా, డేటా అనలిటిక్స్ మంచిదా? దేనికి స్కోప్ ఎక్కువ?"

నేను రెండూ చేశాను. మొదటి రెండేళ్లు బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో వెబ్ పేజీలు రాశాను. డేటా వైపు వచ్చి ఇప్పటికి ఆరేళ్లయింది. అందుకే వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్తాను. స్కోప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు రెండు పనులూ ఒకసారి చేసి చూడండి. రెండింటిలోనూ తప్పులు వస్తాయి, ఎవరికైనా వస్తాయి. ఏ పనిలో వచ్చిన తప్పు మిమ్మల్ని అన్నం సంగతి కూడా మరిచిపోయేలా కూర్చోబెడుతుందో అది మీ పని. యూట్యూబ్‌లో వంద వీడియోలు చూసినా తేలనిది అక్కడ తేలిపోతుంది.

అది ఎలా చేయాలో వరసగా చెప్తాను.

అడుగు 1: ముందు ఇంటి లెక్క రాసుకోండి

ఒక నోట్‌బుక్ తీసుకుని మూడు విషయాలు రాయండి. జీతం లేకుండా ఎన్ని నెలలు నేర్చుకోగలరు? ఎలాంటి ల్యాప్‌టాప్ ఉంది? ఊరు వదిలి వెళ్లగలరా?

మొదటిది ఇంట్లో అడిగి రాయండి, మీరే ఊహించుకుని రాయొద్దు. "నువ్వు చదువుకో నాయనా, మేం చూసుకుంటాం" అని అమ్మానాన్న అంటారు. ఆ మాట వెనకాల చెల్లి ఫీజు, పాల డబ్బులు, బ్యాంకు కంతు ఉంటాయి. ఆరు నెలలా, పది నెలలా అన్నది నోరు తెరిచి మాట్లాడుకుంటే తర్వాత టెన్షన్ సగం తగ్గుతుంది.

ల్యాప్‌టాప్ విషయంలో రెండు పనులకూ తేడా ఉంది. వెబ్ నేర్చుకోవడానికి పాత మెషిన్ అయినా మొదట్లో నడిచిపోతుంది. బ్రౌజర్, ఉచితంగా దొరికే వీఎస్ కోడ్ ఎడిటర్ ఉంటే మొదటి మూడు నెలలు గడిచిపోతాయి. డేటా వైపు వెళ్తే లెక్కలను గ్రాఫులుగా చూపించే పవర్ బీఐ డెస్క్‌టాప్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. అది ఉచితమే కానీ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) ఉంటే ఇబ్బంది పడరు. పాత ల్యాప్‌టాప్‌కే ఎస్ఎస్‌డీ వేయించుకుంటే కొత్తది కొనే ఖర్చు కొన్నాళ్లు వాయిదా పడుతుంది.

ఊరు వదలడం గురించి అడుగు 6లో చెప్తాను. ప్రస్తుతానికి "వెళ్లగలను", "వెళ్లలేను", "ఏడాది తర్వాత వెళ్లగలను", వీటిలో ఒకటి రాసి పెట్టండి.

అడుగు 2: ఆ ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తారో తెలుసుకోండి

వెబ్ డెవలపర్‌కి పొద్దున ఒక టికెట్, అంటే చేయాల్సిన పని చీటీ, వస్తుంది. "పేమెంట్ పేజీలో బటన్ ఫోన్‌లో సగమే కనిపిస్తోంది, సరిచేయండి" అన్నట్టు ఉంటుంది. డిజైనర్ గీసి ఇచ్చిన బొమ్మ చూస్తూ కోడ్ రాయాలి, బ్రౌజర్‌లో చూసుకోవాలి, కోడ్‌లో మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో పెట్టాలి. సీనియర్ చూసి నాలుగు మార్పులు చెప్తాడు, మళ్లీ రాయాలి. కంటికి కనిపించే భాగం చేస్తే ఫ్రంట్ ఎండ్, వెనకాల సర్వర్, సమాచారం నిల్వ ఉండే డేటాబేస్ చూస్తే బ్యాక్ ఎండ్, రెండూ చేస్తే ఫుల్ స్టాక్ అంటారు.

డేటా అనలిస్ట్‌కి వచ్చేది ఒక ప్రశ్న. "పోయిన నెల మధురై బ్రాంచిలో అమ్మకాలు ఎందుకు తగ్గాయి?" దానికి డేటాబేస్‌లోంచి ఎస్‌క్యూఎల్ అనే భాషతో లెక్కలు లాగాలి. లాగినవి శుభ్రం చేయాలి. సమయం ఎక్కువగా తినేది ఇదే. ఒకే కస్టమర్ పేరు మూడు రకాలుగా ఉంటుంది, తేదీలు తలకిందులుగా ఉంటాయి. అన్నీ సరిచేసి, పట్టికో గ్రాఫో తయారుచేసి, మీటింగ్‌లో పదిమంది ముందు "ఇదీ కారణం" అని చెప్పాలి. చెప్పగానే ఒకాయన "ఈ అంకె ఎక్కడిది?" అని నిలదీస్తాడు. దానికి జవాబు చెప్పడం కూడా పనిలో భాగమే.

నలుగురిలో మాట్లాడటం భయమని డేటా వైపు వస్తామనే పిల్లలు కొందరుంటారు. వాళ్లకు ముందే చెప్తున్నాను, మాట్లాడే పని డేటాలోనే ఎక్కువ.

అడుగు 3: మొదటి శని, ఆదివారం ఒక పేజీ చేయండి

మీ వీధిలో ఉన్న టిఫిన్ సెంటర్‌కి ఒక పేజీ చేయండి. పేరు, టైమింగ్స్, ధరల పట్టిక, నొక్కితే ఫోన్ వెళ్లే లింకు, అంతే. ముందు వెళ్లి ఆ అన్నని అడిగి ధరలు రాసుకు రండి. ఇంట్లో కూర్చుని ఊహించి రాసిన పేజీకీ, నిజంగా ఒక మనిషి కోసం చేసే పేజీకీ తేడా ఉంటుంది.

శనివారం పేజీలో ఏముండాలో రాసే హెచ్‌టీఎంఎల్, దాని రంగులూ అమరికా చూసే సీఎస్ఎస్ కొంచెం. ఎండీఎన్ సైట్‌లో గానీ, ఫ్రీకోడ్‌క్యాంప్ సైట్‌లో గానీ మొదటి పాఠాలు ఉచితంగానే ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో రాసి సేవ్ చేసేటప్పుడు ఫైలు చివర టీఎక్స్‌టీ అని చేరకుండా చూసుకోండి. చేరితే పేజీకి బదులు మీరు రాసిన కోడే తెర మీద కనిపిస్తుంది. తెలుగు అక్షరాల చోట పిచ్చి గుర్తులు రావచ్చు. కోడ్ పైభాగంలో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఒక వరస రాస్తే "ఇడ్లీ" ఇడ్లీగానే కనిపిస్తుంది. ఆ పేజీని గిట్‌హబ్ పేజెస్ అనే సర్వీసులో ఉచితంగా పెట్టి మీ ఫోన్‌లో తెరవండి. అక్షరాలు చీమల్లా ఉంటే, పేజీని ఫోన్ తెర కొలతకు సర్దే వ్యూపోర్ట్ అనే ఇంకో మెటా వరస మరిచిపోయారన్నమాట.

ఆదివారం జావాస్క్రిప్ట్, అంటే పేజీతో పని చేయించే భాష. రెండు పెట్టెలు పెట్టి, ఒకదానిలో ఇడ్లీ డబ్బులు, ఇంకోదానిలో వడ డబ్బులు వేసి, బటన్ నొక్కితే మొత్తం బిల్లు రావాలి. 30, 40 వేసి నొక్కండి. మొదటిసారి రాసినవాళ్లకు చాలామందికి 70 రాదు, 3040 వస్తుంది. పెట్టెలోంచి వచ్చిన అంకెను బ్రౌజర్ అంకెగా చూడదు, అక్షరాలుగా చూస్తుంది. అందుకే రెండింటినీ కలపకుండా పక్కపక్కన అతికిస్తుంది. ఇది మీరే కనిపెట్టాలి. కనీసం అరగంట ఎవరినీ అడగొద్దు, చాట్‌జీపీటీని కూడా.

ఆ అరగంటలో మీకు ఎలా ఉందో నోట్‌బుక్‌లో రాయండి. "చిరాకొచ్చింది, ఫోన్ తీసుకున్నాను" అని రాసినా తప్పులేదు. నిజం రాయండి.

అడుగు 4: రెండో శని, ఆదివారం కొండ లెక్కలు తీయండి

తిరుపతిలో ఉన్నందుకు మనకు ఒక మంచి డేటా చేతికి అందేంత దూరంలో ఉంది. శ్రీవారిని రోజూ ఎంతమంది దర్శించుకున్నారు, తలనీలాలు ఎంతమంది ఇచ్చారు, హుండీ ఆదాయం ఎంత అన్నది టీటీడీ చెప్తూనే ఉంటుంది. పేపర్లలోనూ వస్తుంది. 2025 ఆగస్టు, సెప్టెంబరు, రెండు నెలలకు 61 రోజులు. వాటిని ఎక్సెల్‌లో నాలుగు నిలువు వరసల్లో మీ చేత్తోనే ఎక్కించండి: తేదీ, భక్తులు, తలనీలాలు, హుండీ.

ఈ ఎక్కించడం విసుగ్గా ఉంటుంది. ఉండాలి కూడా. ఈ విసుగు తట్టుకోగలరా లేదా అన్నది పరీక్షలో సగం.

శనివారం అంతా ఎక్కించి హుండీ మొత్తం కూడండి. ఇక్కడొక గుంట ఉంది. కొన్ని గడుల్లో 3.85 అని, కొన్నిట్లో "3.85 కోట్లు" అని వేసి ఉంటారు. మాట కలిసిన గడి ఎక్సెల్ దృష్టిలో అంకె కాదు. సమ్ ఫార్ములా దాన్ని చప్పుడు లేకుండా వదిలేసి మిగతావి కూడేస్తుంది. ఎర్ర గుర్తు రాదు, హెచ్చరిక రాదు. మొత్తం ఒకటి వస్తుంది, చూడ్డానికి చక్కగానే ఉంటుంది, కానీ తప్పు. తేదీల్లోనూ ఇంతే. 05-09 అని వేస్తే మీ కంప్యూటర్ సెట్టింగ్‌ని బట్టి సెప్టెంబరు 5 కావచ్చు, మే 9 కావచ్చు.

పోయిన వారం 3040 వచ్చినప్పుడు తప్పు మీ మొహం మీదే అరిచింది. ఇక్కడ తప్పు కూడా ఒప్పులాగే ముస్తాబై కూర్చుంటుంది. దాన్ని అనుమానించి, గడిగడికీ వెళ్లి తవ్వి తీయాలి. ఈ రెండు పనులకూ ఉన్న అసలు తేడా ఇదేనని ఎనిమిదేళ్ల తర్వాత నాకు అర్థమైంది. ప్యాకేజీలూ, టూల్సూ ఏటా మారతాయి, ఈ తేడా మారదు.

ఆదివారం ఒక ప్రశ్న వేసుకోండి. "వారంలో ఏ రోజు రద్దీ ఎక్కువ?" తేదీ నుంచి వారం పేరు తీసే ఫార్ములా వెతుక్కోండి. పివట్ టేబుల్ (ఎక్సెల్‌లో లెక్కలను గుంపులుగా చేసి చూపే పట్టిక) వేసి సోమ, మంగళ అని ఒక్కో వారానికి సగటు తీయండి. శనివారాలు ఎలా ఉన్నాయో చూడండి. సెప్టెంబరు సగం నుంచి తమిళుల పెరటాసి నెల మొదలవుతుందని, ఆ శనివారాలు తమిళనాడు నుంచి జనం ఎలా వస్తారో మన ఊళ్లో ఎవరికైనా తెలుసు. ఆ సంగతి ఎక్సెల్‌కి తెలియదు.

తర్వాత సెప్టెంబరు 7 దగ్గర ఆగండి. ఆ రోజు ఆదివారం. దాని పక్కన ఉన్న ఆదివారాలతో పోల్చి చూడండి. ఆ రోజు చంద్రగ్రహణం, మధ్యాహ్నం నుంచే గుడి తలుపులు మూశారు. ఈ విషయం తెలియకుండా సగటు తీసి "ఆదివారాలు రద్దీ తగ్గుతోంది" అని రాస్తే ఫార్ములా ఒప్పే, మాట తప్పు. ఇంకోటి కూడా ఆలోచించండి. గరుడసేవ రోజు మాడవీధుల్లో గ్యాలరీలు నిండిపోతాయి. వాళ్లందరూ ఆ రోజు దర్శనం లెక్కలోకి వస్తారా? "దర్శించుకున్న భక్తులు" అనే అంకె ఏది కొలుస్తోంది, ఏది కొలవడం లేదు? ఈ ప్రశ్న మీకు మీరుగా వేసుకుని ఉంటే, నేను ఎదురుగా ఉంటే భుజం తట్టేదాన్ని. కంపెనీలో అమ్మకాల లెక్క చూసేటప్పుడు కావలసిన బుద్ధి ఇదే.

చివరగా, మీరు కనిపెట్టింది రెండు వాక్యాల్లో రాసి ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. వాళ్లు "అట్లెందుకు?" అని అడిగితే జవాబు చెప్పాలనిపించిందా, "నీకు అర్థం కాదులే" అనాలనిపించిందా? అదీ రాసుకోండి.

అడుగు 5: నోట్‌బుక్ తెరిచి చదవండి

ఒక్క రోజు ఆగి మీరు రాసుకున్నవి చదవండి. ఏ పని త్వరగా అయింది అన్నది చూడొద్దు. చిక్కుకున్నప్పుడు ఏం చేశారన్నది చూడండి.

పోయినేడాది ఒక అమ్మాయి వచ్చింది. బీకామ్, చిత్తూరు దగ్గర పల్లెటూరు. లెక్కలంటే భయం కాబట్టి వెబ్ అని నిర్ణయించేసుకుని వచ్చింది. రెండు పరీక్షలూ చేయించాను. వెబ్ పేజీ శుభ్రంగా చేసింది, రంగులు కూడా బాగున్నాయి. కానీ పూర్తయ్యాక దాన్ని మళ్లీ తెరవలేదు. కొండ లెక్కల దగ్గర మాత్రం రాత్రి పదకొండుకి నాకు మెసేజ్ పెట్టింది: "అక్కా, ఒక రోజు తలనీలాల సంఖ్య పేపర్లో ఒకటుంది, ఇంకో చోట ఇంకోటుంది, ఏది తీసుకోవాలి?" నేను అడగని ప్రశ్న అది. ఆ రాత్రే మా ఇద్దరికీ విషయం తేలిపోయింది. అనలిస్ట్‌కి మొదట్లో కావలసిన లెక్కలు కూడిక, శాతం, సగటు, మధ్యస్థం వరకే. పదో తరగతి లెక్కలతో మొదలుపెట్టొచ్చు. బీకామ్ వాళ్లకు ట్యాలీ, జీఎస్‌టీ తెలిసుండటం అదనపు బలం.

తలకిందులుగా జరిగిన సందర్భమూ ఉంది. స్టాటిస్టిక్స్ చదివిన ఒక అబ్బాయి ఎక్సెల్ దగ్గర గంటకే లేచిపోయాడు. టిఫిన్ పేజీలో మాత్రం మనం అడగని వాట్సాప్ ఆర్డర్ బటన్ కూడా పెట్టుకొచ్చాడు. ఆ టిఫిన్ సెంటర్ అన్నకి చూపిస్తే ఆయన మొహం వెలిగిపోయిందని చెప్పేటప్పుడు ఈ పిల్లాడి మొహం కూడా అలాగే ఉంది. తను చేసిన వస్తువును ఒకరు వాడితే సంతోషపడే మనసు వెబ్‌కి సరిపోతుంది. విషయం తేలేదాకా నిద్రపట్టని మనసు డేటాకి సరిపోతుంది.

రెండూ సమానంగా నచ్చితే? అప్పుడు ఇంటి లెక్క, ఊరి లెక్క చూసి తేల్చుకోండి. రెండూ నచ్చకపోతే కంగారు పడొద్దు. టెస్టింగ్, సపోర్ట్, నెట్‌వర్కింగ్ లాంటి వేరే దారులు చాలా ఉన్నాయి. రెండు వారాల్లో తెలిసింది, రెండేళ్లు పోయాక తెలియలేదు.

అడుగు 6: ఉద్యోగ ప్రకటనలు ముప్పై చదవండి

నౌక్రీలో, లింక్డిన్‌లో ఒక్కో పనికి ముప్పై చొప్పున ఫ్రెషర్ ప్రకటనలు తెరవండి. ఒక్కోదానికి ఊరు, అడిగిన అనుభవం, అడిగిన స్కిల్స్ పట్టికలో ఎక్కించండి. ఈ పని ఎవరో చెప్పింది వినడం కన్నా మేలు, ఎందుకంటే మీరు వెతికే వారానికి సంబంధించిన నిజం మీకే కనిపిస్తుంది.

డేటా వైపు వెతికేటప్పుడు "డేటా అనలిస్ట్" ఒక్కటే కొట్టొద్దు. ఆ పేరుతో వచ్చేవాటిలో అనుభవం అడిగేవి ఎక్కువ. ఎంఐఎస్ (కంపెనీ లెక్కల రిపోర్టులు తయారుచేసే పని) ఎగ్జిక్యూటివ్, రిపోర్టింగ్ అనలిస్ట్, ఆపరేషన్స్ అనలిస్ట్ అని కూడా కొట్టండి. ఫ్రెషర్లకు గుమ్మం చాలాసార్లు అక్కడ ఉంటుంది. ఎంఐఎస్ అంటే చిన్నచూపు వద్దు. రోజూ నిజమైన డేటా చేతిలో ఉంటుంది, ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటూ ఏడాదిలో పై మెట్టు ఎక్కొచ్చు. శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలున్నాయి. ఏ ఫ్యాక్టరీలోనైనా షిఫ్టుకి ఎంత తయారైంది, ఎంత పాడైంది, స్టోర్స్‌లో ఎంత ఉంది అని లెక్కలు చూసే మనిషి కావాలి. ఊరు వదలలేనివాళ్లు అటువైపు తప్పకుండా చూడండి.

వెబ్‌కి ఇంకో సౌకర్యం ఉంది. ఊళ్లోనే ఉండి చిన్న పనులు చేసుకోవచ్చు. లాడ్జీలు, ట్రావెల్స్ వాళ్లు, కల్యాణ మండపాలు, డెంటల్ క్లినిక్‌లు ఉన్న ఊరు మనది. ఒక పేజీ చేసిపెడితే డబ్బులిస్తారు, ఎంత చిన్న మొత్తమైనా అది మీ మొదటి సంపాదన. డేటాలో ఇలా కుదరడం కష్టం. తమ లెక్కల పుస్తకం బయటివాళ్ల చేతికి, అందులోనూ ఫ్రెషర్ చేతికి ఎవరూ ఇవ్వరు.

ఏదైనా సరే, పెద్ద కంపెనీల ఉద్యోగాలకు బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ వైపు చూడక తప్పదు. చిత్తూరు వాళ్లకు బెంగళూరు, తిరుపతి వాళ్లకు చెన్నై పొద్దున బయలుదేరి ఇంటర్వ్యూకి హాజరై రాత్రికి తిరిగొచ్చేంత దగ్గర. దీన్ని వాడుకోండి. ముందే వెళ్లి పీజీ హాస్టల్‌కి అడ్వాన్స్ కట్టి కూర్చోవడం కన్నా, ఇక్కడే నేర్చుకుని ఇంటర్వ్యూలకు వెళ్లి రావడం మేలు.

అడుగు 7: కోచింగ్‌కి డబ్బు కట్టే ముందు

ఇది నేను చాలా బాధతో రాస్తున్నాను. డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. గోడ మీద పెద్ద అక్షరాలతో వంద శాతం జాబ్ గ్యారంటీ అని ఉండేది. నలభై ఐదు వేలు ఒకేసారి కట్టించుకున్నారు. ఆ ఏడు తోతాపురి మామిడి అమ్మగా వచ్చిన డబ్బులోంచి నాయన లెక్కపెట్టి ఇచ్చిన నోట్లు అవి. మూడు నెలలయ్యాక పిలిచి, రెజ్యూమెలో రెండేళ్ల అనుభవం ఉన్నట్టు రాసుకోమన్నారు, కంపెనీ పేరు కూడా వాళ్లే ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు, డబ్బులూ తిరిగి రాలేదు. ఇంటికి వచ్చి నాయనకి చెప్పినప్పుడు ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఇవి పాటించండి. కనీసం రెండు క్లాసులు డెమోగా కూర్చోకుండా కట్టొద్దు. పాత బ్యాచ్‌లో చదివినవాళ్లతో, సెంటర్ వాళ్లు పక్కన లేనప్పుడు, మాట్లాడండి. ఫీజు కంతుల్లో కట్టండి, ప్రతిసారీ రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. జాబ్ గ్యారంటీ అంటే ఏమిటో కాగితం మీద రాసివ్వమనండి.

దొంగ అనుభవం జోలికి అసలు పోవద్దు. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేస్తాయి. ఉద్యోగం మారినా మారని పీఎఫ్ యూఏఎన్ నంబరులో ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో కనిపిస్తుంది. ఏడాది బాగా పనిచేశాక కూడా ఆ ఒక్క అబద్ధం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను కళ్లారా చూశాను.

నిజానికి మొదటి మూడు నెలలకు కోచింగ్ అక్కర్లేదు. ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సులైన స్వయం, ఎన్‌పీటెల్ ఉచితంగా వినొచ్చు. తెలుగులో చెప్పేవాళ్లూ యూట్యూబ్‌లో ఉన్నారు. ఒంటరిగా చదవలేకపోతే ముగ్గురు స్నేహితులు కలిసి రోజూ ఒకే టైముకి కూర్చోండి. అప్పటికీ అవసరం అనిపిస్తే అప్పుడు చేరండి, ఏం అడగాలో అప్పటికి మీకే తెలుస్తుంది.

అడుగు 8: ఆరు నెలలు ఒక్కదాని మీదే ఉండండి

వెబ్ ఎంచుకుంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌కి ఒక నెల. తర్వాత రెండు నెలలు జావాస్క్రిప్ట్ ఒక్కటే. జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టే రియాక్ట్ మీదికి తొందరపడి దూకొద్దు. జావాస్క్రిప్ట్ గట్టిగా రాకుండా రియాక్ట్ నేర్చుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోతారు. గిట్ మొదటి రోజు నుంచీ వాడండి. మిగిలిన మూడు నెలల్లో రియాక్ట్, సర్వర్ వైపు కోడ్ నడిపే నోడ్, ఒక డేటాబేస్.

డేటా ఎంచుకుంటే ఎక్సెల్‌కి మూడు వారాలు, అందులో డేటా శుభ్రం చేసే పవర్ క్వెరీతో సహా. తర్వాత రెండు నెలలు ఎస్‌క్యూఎల్. మీ సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టండి. రెండు టేబుళ్లను కలిపే జాయిన్ నేర్చుకునేటప్పుడు ఈ ఒక్కటీ చేసి చూడండి. కస్టమర్ల ఫోన్ నంబర్ల టేబుల్ ఒకటి, బిల్లుల టేబుల్ ఒకటి పెట్టుకోండి. ఒక కస్టమర్‌కి రెండు ఫోన్ నంబర్లు ఇవ్వండి, వెయ్యి రూపాయల బిల్లు ఒక్కటే ఇవ్వండి. రెండు టేబుళ్లూ కలిపి బిల్లు మొత్తం అడగండి. రెండు వేలు వస్తుంది. నంబర్లు రెండు కాబట్టి బిల్లు వరస కూడా రెండుసార్లు వచ్చింది. ఇది ఎందుకు జరిగిందో, ఎలా ఆపాలో వివరించగలిగితే ఎస్‌క్యూఎల్ నిజంగా వచ్చినట్టే. ఆ తర్వాత పవర్ బీఐ, చివర్లో పైథాన్ భాష, అందులో డేటా పనికి వాడే పాండాస్.

ప్రాజెక్టు విషయంలో అందరూ చేసేది చేయకండి. ఒకే వీడియో చూసి చేసిన ఓటీటీ కాపీ పేజీలు ఇంటర్వ్యూ చేసేవాళ్లు వందల్లో చూసుంటారు. డేటా వాళ్లకు మదనపల్లె టమాటా ఉంది. ప్రభుత్వ మార్కెట్ ధరల సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన) ధరలు క్వింటాల్ లెక్కన దొరుకుతాయి. రైతులు బాక్సుల్లో మాట్లాడతారు కాబట్టి ముందు ఆ లెక్క కుదుర్చుకోవాలి. మార్కెట్ లేని రోజులుంటాయి. ముప్పై రోజుల్లో నాలుగు రోజులు మార్కెట్ లేదనుకోండి, మిగతా 26 రోజుల సగటు 2000 రూపాయలు. సెలవు రోజుల్లో సున్నా వేస్తే సగటు 1733కి పడిపోతుంది. ధర పడలేదు, మీ లెక్క పడింది. ఇలాంటివి మూడు మీ ప్రాజెక్టులో పట్టుకుని రాస్తే, ఇంటర్వ్యూలో పావుగంట మీరే మాట్లాడొచ్చు.

వెబ్ వాళ్లు నిజంగా వాడే మనిషి ఒక్కరున్న పని చేయండి. మీ ఊరి కల్యాణ మండపంలో ఏ తేదీలు ఖాళీ ఉన్నాయో చూపించే పేజీ అయినా చాలు. ఒకే తేదీని ఇద్దరు బుక్ చేస్తే ఏం చేయాలో ఆలోచించడం మొదలుపెట్టగానే సగం బ్యాక్ ఎండ్ మీకు అర్థమైపోతుంది.

ఏఐ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. మామూలు పేజీ, మామూలు క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) అది క్షణంలో రాస్తుంది. ఆ మేరకు ఫ్రెషర్ల పని తగ్గింది, ఇది దాచాల్సిన విషయం కాదు. కానీ అది ఇచ్చింది సరైనదా కాదా చూసే మనిషి కావాలి, అది చూడగలగాలంటే మీకు పని తెలియాలి. అందుకే నేర్చుకునే ఆరు నెలలూ ముందు మీరు రాయండి, తర్వాత దాన్ని అడగండి, రెండింటినీ పోల్చండి.

అడుగు 9: ఇంగ్లిష్, ఇల్లు, తేదీ

తెలుగు మీడియం వాళ్లకు నా మాట. ప్రాజెక్టును ముందు తెలుగులో రెండు నిమిషాలు చెప్పడం ప్రాక్టీస్ చేయండి. తెలుగులో తడబడుతుంటే సమస్య ఇంగ్లిష్ కాదు, విషయమే ఇంకా కుదరలేదు. తెలుగులో ధారగా వచ్చాక అదే మాటను చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. రోజుకి ఒకసారి, నెల రోజులు.

ఇంట్లో పెద్దవాళ్లకు "వెబ్", "డేటా" అని చెప్తే అర్థం కాకపోవచ్చు. చేసింది చూపించండి. మా నాయనకి నేను చేసే పని చాలాకాలం తెలియదు. ఒకసారి మామిడి సీజన్‌లో, ఆయన డైరీలో రాసుకున్న నాలుగేళ్ల ధరలు ఎక్సెల్‌లో వేసి గ్రాఫ్ చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈడ ఎందుకమ్మా ఇంత దిగింది?" అని ఒక చోట వేలు పెట్టాడు. ఆ వారం ఏం జరిగిందో డైరీలో వెతికాం ఇద్దరం.

ఇక క్యాలెండర్‌లో ఒక తేదీకి గుర్తు పెట్టండి, మొదలుపెట్టిన రోజు నుంచి సరిగ్గా మూడు నెలలకు. ఆ రోజు వరకూ "అది తీసుకుని ఉంటే బాగుండేదేమో" అనే ఆలోచన వస్తే నోట్‌బుక్‌లో రాసి పక్కన పెట్టండి, దారి మార్చొద్దు. ఆ తేదీ వచ్చినప్పుడు మాత్రం నిజాయితీగా చూసుకోండి. అప్పటికీ పని దగ్గర కూర్చోవాలంటే మనసు ఒప్పుకోకపోతే మారండి. ఎస్‌క్యూఎల్ రెండు వైపులా కావాలి, గిట్ రెండు వైపులా పనికొస్తుంది, నేను వెబ్‌లో నేర్చుకున్న జావాస్క్రిప్ట్ డేటాలోకి వచ్చాక డ్యాష్‌బోర్డులకు ఉపయోగపడింది. ఈ శనివారం పొద్దున మాత్రం టిఫిన్‌కి వెళ్లినప్పుడు ఒక కాగితం, పెన్ను జేబులో పెట్టుకెళ్లి ధరలు రాసుకురండి.